ముప్పై ఒకటో బుడ్డి

ఎర్లెన్‌గ్రుండ్,
12 ఏప్రిల్ 1931

ఒరేయ్ లోతార్,

తొమ్మిదేళ్ళుగా ఈ ఊరు నన్ను కొడుకుని చంపిన తండ్రి అంటోంది. ఆ మాటను ఊరి నోట్లో పెట్టింది నువ్వు. నా చెల్లెలి కడుపున పుట్టి, ఆరో ఏట నుంచి నా కంచంలో తిని పెరిగిన నువ్వు.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. బడికి వెళ్ళింది రెండు చలికాలాలు. అంకెలు బాగా వచ్చు, అక్షరాలతోనే తంటా. తప్పులుంటే నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

1922 ఫిబ్రవరి పదో తేదీ నీకు గుర్తుండదేమో, నేను చెబుతాను. ముప్పై ఒకటో నంబరు గాజుబుడ్డిని గడ్డిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రైల్లో మీ విద్యాలయానికి తెచ్చాను. అలాంటి బుడ్డి అంతకుముందు నేను కూడా చేయలేదు. లోపల చుక్క పాదరసం, మూడు తీగలు, గాలి అన్నది లేదు. నువ్వూ, నీ దగ్గర పనికి చేరిన నా కొడుకు వెండెలినూ కలిసి దాన్ని వేడిపెట్టెలో బిగించారు. నేను పక్కనుండి చూశాను. ఇద్దరికీ చెప్పాను. నూట ఎనభై డిగ్రీలు దాటించొద్దు. చల్లారేదాకా పెట్టె తలుపు తీయొద్దు. వేడి గాజుకి చలిగాలి తగిలితే పగులుతుంది, లోపల గాలి లేదు కాబట్టి పగిలితే మామూలుగా పగలదు. చెప్పి, బూట్లు కుట్టించుకోవడానికి బజారుకి వెళ్ళాను.

మధ్యాహ్నం తిరిగొచ్చి మీ గది తలుపు తోశాను. బుడ్డి పేలింది. ఒక ముక్క నా ఎడమ కంట్లో దిగింది, ఒకటి వెండెలిన్ గొంతులో. రక్తం మీద కాలు జారి పడ్డాను. అది వాడిదో నాదో కూడా తెలియలేదు.

నేను రెండు కళ్ళకీ కట్టు కట్టించుకుని ఆసుపత్రిలో పడి ఉండగా నువ్వు విచారణకి వచ్చిన పెద్దలకు కాగితం రాసిచ్చావు. వేడిపెట్టె ఇంకా వెలిగించనేలేదని. బుడ్డి దానంతటదే పేలిందని. గాజులో కంటికి కనపడని బుడగ ఉండి ఉంటుందని. నా కంట్లో దిగిన ముక్క నిప్పుకణంలా కాలిందని నేను మొత్తుకుంటే, దెబ్బ తిన్నవాడికి అంతా మంటగానే ఉంటుంది పెద్దాయనా అన్నారు.

మన గాజు సంఘం ఆచారం నీకు తెలియనిది కాదు. చెడ్డ గాజు వల్ల మనిషి ప్రాణం పోతే, అది ఊదినవాడి ఊదుగొట్టాన్ని నిండు సభలో దాగలి అనే ఇనప దిమ్మ మీద పెట్టి ఉలితో నరుకుతారు. నాది నరకడానికి సంఘం పెద్ద గుస్టల్ హేన్‌కి మూడు దెబ్బలు పట్టాయి. ఆ నరికిన ముక్క తీసుకుని వాడి దవడ విరగ్గొట్టడానికి నాకు ఒక్కటే పట్టింది. ఆరు వారాలు జైల్లో ఉన్నాను. మీ అత్త బెర్టా ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడకుండానే కన్నుమూసింది.

వెండెలిన్ పెళ్ళాం రోస్వీటా సంగతి విను. వెండెలిన్‌ని పూడ్చిన రోజు అందరూ గుప్పెడు మట్టి గోతిలో వేశారు. ఆమె తన గుప్పెడు నా మొహాన కొట్టింది, సరిగ్గా కట్టున్న కంటి మీద. ఇప్పటికీ ఆదివారం నేను సమాధి దగ్గరికి పోబోతే శ్మశానం గేటుకి అడ్డం నిలబడుతుంది. "ఏం మామా, ఇంకో బుడ్డి తెచ్చావా? నేనింకా బతికే ఉన్నానుగా" అంటుంది. తిరిగి వచ్చేస్తాను. గుస్టల్‌ని కొట్టినట్టు ఆమెని కొట్టలేను కదా.

ఇన్నాళ్ళూ నాకే అనుమానం ఉండేది. బుడగ ఉందేమో, నా కన్ను పట్టుకోలేదేమో అని. పక్కమీద పడుకుని ఆ బుడ్డిని మళ్ళీ మళ్ళీ దీపానికి ఎత్తి తిప్పి చూసుకునేవాణ్ణి.

ఈస్టరు వారంలో బడి పంతులమ్మ ఓటీలియ నీ పుస్తకం తెప్పించింది. మన ఊరివాడు రాశాడని మురిసిపోతూ నాకు చూపించింది. నలభై ఏడో పేజీలో ఒక గీత ఉంది. ఎక్కుతుంది, పడుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. పదకొండు గుట్టలు లెక్కపెట్టాను. అలాంటి గీతలు నీ భుజం మీంచి వంద చూశాను. దాని కింద ఏం రాసుందో పంతులమ్మని అడగక్కర్లేకపోయింది. అంకె నేనే చదివాను. 31.

ఆ బుడ్డి బతికిందే ఒక్క పూట. పొద్దున బిగించారు, మధ్యాహ్నం పేలింది. పెట్టె వెలిగించకపోతే పాదరసం ఆవిరి కాదు. ఆవిరి లేకపోతే ఆ గీతలో ఒక్క గుట్ట కూడా లేవదు. ఇదంతా నువ్వే సారాకొట్లో బీరు గ్లాసులు వరసగా పెట్టి నాకు చెప్పావు. ఎలక్ట్రాన్ ఒక మోస్తరు ఊపుతో వచ్చి గుద్దితే పాదరసం పరమాణువు ఆవగింజంత కూడా తీసుకోదు, బంతిలా వెనక్కి కొడుతుంది. సరిగ్గా ఇంత అన్న ఊపుతో గుద్దితే మొత్తం మింగేస్తుంది, అప్పుడు కరెంటు కొలిచే సూది పడిపోతుంది. మధ్యలో సగం, పావు అన్నది దానికి తెలియదు. నాకు చదువు లేకపోయినా ఇది మర్చిపోలేదు.

వెలిగించని పెట్టెలోంచి పదకొండు గుట్టలు ఎలా వచ్చాయిరా?

మీ మామ
ట్రౌగాట్ మెర్టెన్


హాల్డెన్‌బర్గ్,
3 మే 1931

పూజ్యులైన మామయ్యకు లోతార్ రాయునది.

మీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో. మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. దీనితో పాటు మీకు ఇష్టమైన పొగాకు పంపుతున్నాను.

నా పుస్తకంలో బొమ్మ కింద ఉన్న అంకె గురించి రాశారు. అచ్చులో పొరపాట్లు దొర్లడం మామూలే. ఆ రోజుల్లో మీరు చేసిన బుడ్డీలు చాలా ఉన్నాయి, ఏ గీత దేనిదో అచ్చుకు ఇచ్చినప్పుడు కలగలిసి ఉండవచ్చు.

మామయ్యా, నిజం చెప్పాలంటే ఆ రోజు ఏం జరిగిందో ఇవాళ నిశ్చయంగా చెప్పడం ఎవరి వల్లా కాదు. నా పుస్తకం రెండో సగం అలాంటి విషయం మీదే. వెనకటికి ఎలక్ట్రాన్ పరమాణువు లోపల ఫలానా దారిలో తిరుగుతుంది అనేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట అనడం తప్పు. పరమాణువు నడిమి నుంచి ఎంత దూరంలో దొరికే అవకాశం ఎంత ఉందో ఒక వంపు గీత గీసి చూపిస్తాం, అంతే. గీత ఎత్తుగా ఉన్నచోట ఎక్కువ అవకాశం, పల్లంగా ఉన్నచోట తక్కువ. అంతకు మించి అడిగితే ప్రశ్నకే అర్థం లేదు.

ఆ రోజు గదిలో మనం ముగ్గురం ఉన్నాం. గాజులో బుడగ ఉండవచ్చు. తీగ బిగింపులో లోపం ఉండవచ్చు. చెప్పడానికి బాధగా ఉంది గాని, బయట మంచు పడుతున్న వేళ గది తలుపు ఒక్కసారిగా తోసింది మీరు. ఆ గాలి తగిలి ఉండవచ్చు. ఒక్కోదానికి ఒక్కో మోతాదులో అవకాశం ఉంది. ఏదో ఒకటే అని తేల్చడం నాకు చేతకాదు.

తొమ్మిదేళ్ళయింది. వెండెలిన్‌ని ప్రశాంతంగా ఉండనివ్వండి. మీరూ ఉండండి.

మీ
లోతార్ సీబర్


ఎర్లెన్‌గ్రుండ్,
24 మే 1931

లోతార్,

నీ పొగాకు పందుల దొడ్లో చల్లాను. పందులు తుమ్మాయి.

నేను గది తలుపు తోస్తే బుడ్డి పేలిందా? బుడ్డి పెట్టెలో ఉంది, పెట్టెకి తలుపుంది. పెట్టె తలుపు మూసి ఉంటే నేను గది తలుపు కాదు, గది గోడ తోసినా బుడ్డికి గాలి తగలదు. ఇంత చదివి ఇదేనా నువ్వు రాసేది?

అచ్చు తప్పు అన్నావు. పంతులమ్మ చేత వెనక పట్టీలన్నీ వెతికించాను. రెండు వందల పన్నెండో పేజీలో వరసలు గీసి ఏ బుడ్డి, ఎంత వేడి అని రాసి ఉంది. 31 ఎదురుగా 220. రెండు వందల ఇరవై డిగ్రీలు! నేను నూట ఎనభై దాటొద్దన్నాను. ఒకే తప్పు రెండు చోట్ల అచ్చవుతుందా?

ఆ పుస్తకం పట్టుకుని నేను శనివారం సారాకొట్టుకి వెళ్ళాను. గుస్టల్ హేన్ ఉన్నాడు, వంకర దవడతో సాసేజీ నములుతున్నాడు. పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. వాడు చూసి, "ఏంటిది ట్రౌగాట్, రంపం పళ్ళు గీశారా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేను వివరం చెప్పాను. "ఒంటికన్నుతో పుస్తకాలు చదవడం ఎప్పుడు నేర్చావు? ఆ కన్నేదో బుడగలు వెతకడానికి వాడుంటే పిల్లాడు బతికేవాడు" అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. నా చేతిలో బీరు మగ్గు పిడి మాత్రం మిగిలింది. వాడివి ముందు పళ్ళు మూడు పోయాయి. వాడి తమ్ముళ్ళిద్దరు నన్ను వాకిట్లోకి ఈడ్చి రాళ్ళ మీద పడేసి తన్నారు. రెండు పక్కటెముకలు విరిగాయి. డెబ్బై ఒకటో ఏట ఎముకలు అతుక్కోవడం నిదానమట, డాక్టరు చెప్పాడు. పుస్తకం మాత్రం కడుపు కింద దాచుకున్నాను. నీ పుస్తకం కోసం తన్నులు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మంచం మీద పడి ఉంటే పంతులమ్మ వచ్చి నీ వంపు గీతలు చూపించింది. ఒక గుట్ట ఉంది, గీత కిందికొచ్చి నేలని తాకింది, మళ్ళీ ఇంకో గుట్ట లేచింది. "ఇక్కడా దొరకొచ్చు, అక్కడా దొరకొచ్చు, నేలని తాకినచోట మాత్రం ఎప్పటికీ దొరకదు" అంది. "మరి ఆ చోటు దాటకుండా ఈ గుట్ట మీంచి ఆ గుట్ట మీదికి ఎలా పోతుంది తల్లీ?" అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. "అలా అడగకూడదట తాతా" అంది.

నాకు అర్థమైంది. నువ్వు అలా బతుకుతున్నావు. ఈ గుట్ట మీద పెట్టె వెలిగించనివాడివి, ఆ గుట్ట మీద పదకొండు గుట్టల గీత గీసి పేరు తెచ్చుకున్నవాడివి. రెండు చోట్లా దొరుకుతావు. మధ్యలో ఎక్కడైతే నిజం చెప్పాలో అక్కడ మాత్రం దొరకవు.

ఎలక్ట్రాన్ సంగతి నాకొద్దు. నా కన్ను పొగమంచులా పరుచుకుని లేదు. ఒక చోట ఉండేది, ఆ చోట ఇప్పుడు గుంట ఉంది. నా కొడుకు శ్మశానంలో మూడో వరసలో ఉన్నాడు, ఇంకెక్కడా ఉండే అవకాశం లేదు. పెట్టె తలుపు ఒకడి చెయ్యి తీసింది. ఆ చెయ్యి ఎవరిదో రాయి.

ట్రౌగాట్ మెర్టెన్


హాల్డెన్‌బర్గ్,
14 జూన్ 1931

మామయ్యా,

మీకు తగిలిన దెబ్బల గురించి చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఒప్పుకుంటున్నాను. పెట్టె వెలిగింది. రెండు వందల ఇరవై దాకా వెళ్ళింది. వేడి పెరిగితే గుట్టలు స్పష్టంగా వస్తాయి. అప్పటివరకు ఎవరికీ ఏడు మించి రాలేదు. విచారణ కాగితంలో వెలిగించలేదని రాసింది అబద్ధం.

గీత కింద అంకె ఎందుకు మార్చలేదని మీకు అనిపించవచ్చు. అచ్చుకు పంపేముందు నేను కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 31 కొట్టేసి 30 అని రాస్తే సరిపోయేది. రాయలేకపోయాను. కొలిచిన గీత కింద దొంగ అంకె వేయడం మా పనిలో ఎవరూ చేయని నీచం. మీకు నవ్వు వస్తుందని తెలుసు.

ఇక మీరు అడిగింది. పెట్టె తలుపు తీసింది వెండెలిన్. నేను నా కళ్ళతో చూశాను. మీరు వద్దన్నది వాడు మరిచిపోయాడు. చచ్చిపోయినవాడి మీద నింద వేయడం, అదీ రోస్వీటా ఆ దుఃఖంలో ఉన్న రోజుల్లో, నాకు చేతకాలేదు. అందుకని గాజు మీద వేశాను. గాజుకి నొప్పి ఉండదు అనుకున్నాను. ఆ నొప్పి మీదాకా వస్తుందని ఊహించలేదు.

ఇప్పుడు నిజం మీ దగ్గర ఉంది. మీ పేరు కావాలో వాడి పేరు కావాలో మీరే తేల్చుకోండి.

లోతార్


ఎర్లెన్‌గ్రుండ్,
5 జూలై 1931

నా కొడుకు మరిచిపోయాడా?

వాడి కుడి మణికట్టు మీద నువ్వు ఎన్నిసార్లు చూశావో, వేలెడు పొడుగు కాలిన మచ్చ. ఏడేళ్ళప్పుడు గాజు చల్లార్చే కొలిమి తలుపు తీశాడు. కాలి ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని నేను ఇంకా కొట్టాను, బెల్టుతో, వీపు చిట్లేదాకా. బెర్టా అడ్డం వస్తే ఆమెకీ తగిలింది. ఆ తర్వాత చచ్చేదాకా వాడు వేడి తలుపు ముట్టుకోలేదు. నేను కొట్టి నేర్పిన పాఠం అది. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు, నీకప్పుడు తొమ్మిదేళ్ళు, లాగు తడుపుకున్నావు.

నీ ఉత్తరం పట్టుకుని నేను రోస్వీటా ఇంటికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గడప తొక్కడం. వాకిట్లో కట్టెలు చీలుస్తోంది. "తలుపు వెండెలిన్ తీశాడని లోతార్ రాశాడు" అన్నాను. గొడ్డలి తిరగేసి కర్రతో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టాను, రెండు వేళ్ళు విరిగాయి. అందుకే ఈ రాత ఇలా కోడి గెలికినట్టుంది.

కొట్టి కొట్టి అలిసిపోయి దుంగ మీద కూర్చుంది. అప్పుడు అంది, "ఆయన రొట్టెల పొయ్యి తలుపు కూడా తీసేవాడు కాదు మామా. నన్ను పిలిచేవాడు. మగాడివేనా అని ఎగతాళి చేసేదాన్ని." గొడ్డలి పక్కన పడేసి అంది, "మీ ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు. నువ్వా, వాడా?" ఉత్తరం ఇవ్వబోయాను. చేత్తో కొట్టి పారేసింది. "కాగితం నాకొద్దు. కాగితం అప్పుడే చదివాను, గాజులో బుడగ అని. దాని మాట నమ్మి నీ మొహాన మట్టి కొట్టాను. ఇప్పుడింకో కాగితం వచ్చింది, మొగుణ్ణి కొట్టమంటోంది. వాడు వచ్చి నా మొహం చూసి చెబితే వింటాను."

కొసరి కొసరి ఇస్తున్నావురా. మొదట బుడగ అన్నావు. గుద్దితే, ఎవరికీ తెలియదన్నావు. ఇంకా గట్టిగా గుద్దితే, చచ్చినవాణ్ణి ముందుకు తోశావు. ఇంకెంత గట్టిగా గుద్దాలో చెప్పు, అంత గుద్దుతాను.

తీయనని పంతం పట్టిన చేతితో ఆ తలుపు ఎవరు తీయించారు?

ట్రౌగాట్


హాల్డెన్‌బర్గ్,
16 ఆగస్టు 1931

మామయ్యా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. ఇది చదివి కాల్చేయండి.

పన్నెండు గంటల పది నిమిషాలకు పదకొండో గుట్ట పూర్తయింది. సూది మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. పన్నెండోది కళ్ళముందు కనిపిస్తోంది. అంతలో సూది ఆగిపోయింది. పెట్టె లోపల తీగ కొక్కెం జారింది. చల్లారాలంటే నాలుగు గంటలు పడుతుంది. అప్పటికి పాదరసం స్థితి మారిపోతుంది, అంతా మొదటి నుంచి చేయాలి. సాయంత్రం పెద్ద ప్రొఫెసరు చూడటానికి వస్తానన్నారు.

నేను అన్నాను, "వెండెలిన్, తలుపు తీసి ఆ కొక్కెం తగిలించు. ఒక్క క్షణం."

వాడు అన్నాడు, "వద్దు బావా. నాన్న వద్దన్నాడు. తీస్తే నాన్న చంపేస్తాడు."

"మీ నాన్న గాజు ఊదుతాడు. ఈ గదిలో నేను చెప్పిందే జరుగుతుంది" అన్నాను.

వాడు కదల్లేదు. నేను మళ్ళీ అన్నాను, "భయమైతే చెప్పు, ఊరికి పోయి మీ నాన్నతో సీసాలు ఊదుకో." అప్పుడు నవ్వాడు, చేతికి గుడ్డ చుట్టుకున్నాడు, తీశాడు. నేను వాడి వెనక ఉన్నాను. సరిగ్గా వెనక. అందుకే నాకు చిన్న గాటు కూడా పడలేదు. అదే క్షణంలో మీరు గది తలుపు తోశారు.

ఆ తర్వాత నేను చేసినవి వరసగా రాస్తాను. మొట్టమొదట, బల్ల మీదున్న గీత కాగితాన్ని పైకెత్తాను, రక్తం పడకుండా. రెండోది, పెట్టె ఆపేశాను. మూడోది, కిటికీ తెరిచి, అంచున పేరుకున్న మంచును బొగ్గుల పారతో ఎత్తి పెట్టె మీద వేశాను, చాలాసార్లు. మనుషులు వచ్చేసరికి పెట్టె చల్లగా ఉండాలి. మీరు నేల మీద మొహం పట్టుకుని వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. మనుషులు వచ్చారు.

ఇదీ జరిగింది. తొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులో ఇక్కడి భౌతికశాస్త్ర విభాగం నా చేతికి వస్తుంది. పుస్తకం రెండోసారి అచ్చవుతోంది. ఈ మాట బయటికొస్తే నేను ఉండను, నా దగ్గర చదువుకుంటున్న పదిమంది పని కూడా ఉండదు. మీరు అడిగిన నిజం మీకు ఇచ్చాను. మీ గాజులో బుడగ లేదు. మీకు తెలిసింది, అది చాలదా? నన్ను వదిలేయండి మామయ్యా.

లోతార్


ఎర్లెన్‌గ్రుండ్,
30 ఆగస్టు 1931

లోతార్,

నీ ఉత్తరం మంగళవారం అందింది. చదివాను. పంతులమ్మ చేత చదివించలేదు, నేనే కూడబలుక్కుని చదివాను, ఒక్కో అక్షరానికీ ఆగి. అయ్యేసరికి చీకటి పడింది. లేచి ఇంట్లో ఉన్న గాజంతా వాకిట్లోకి తెచ్చి సమ్మెటతో పగలగొట్టాను. గ్లాసులు, సీసాలు, పెళ్ళికి బెర్టా కోసం ఊదిన పూలసజ్జ. తర్వాత కిటికీలు. ఇప్పుడు కిటికీలకు అట్టలు కొట్టుకున్నాను.

నువ్వు మంచు వేసినప్పుడు పెట్టె చుయ్యిమన్న చప్పుడు నేను విన్నాను. తొమ్మిదేళ్ళుగా అది నా కొడుకు గొంతులోంచి వచ్చిందనుకుంటున్నాను.

నాకు తెలిసింది కాబట్టి చాలదా అన్నావు. చాలదు. నా గాజు మంచిదని నాకొక్కడికే తెలిస్తే నేను అట్టలు కొట్టుకున్న ఇంట్లో కూర్చుని దాన్నేం చేసుకోను? కొడుకుని చంపినవాడని నన్ను అన్నది ఊరు. నిండు సభలో అన్నారు, దాగలి మీద ఉలి పెట్టి అన్నారు. కాదన్న మాట కూడా అక్కడే పడాలి.

నీ ఉత్తరం కాల్చలేదు. ఎవరికీ చూపించనూ లేదు. చూపిస్తే పని అయిపోతుందని పంతులమ్మ అంది, ఏముందో చదవకుండానే. చూపించను. రోస్వీటా చెప్పింది నిజం. నువ్వు నన్ను కాగితం మీద చంపావు, కాగితం మీదే బతికిస్తానంటే కుదరదు. నీకు కాగితం తేలిక. గీత గీసినంత తేలిక.

సెప్టెంబరు ఇరవై తొమ్మిది గాజు సంఘం సభ. పొద్దున పది గంటలకు. నువ్వు రావాలి. దాగలి పక్కన, నేను నిలబడినచోట నిలబడాలి. గుస్టల్ హేన్ ఉంటాడు, పళ్ళు లేకుండా. రోస్వీటా మొదటి వరసలో కూర్చుంటుంది. ఆమెతో మాట్లాడాను. వస్తానంది. నేనెందుకు పిలుస్తున్నానో అడగలేదు. మొన్న ఆదివారం గేటు దగ్గర పక్కకి జరిగి దారి ఇచ్చింది.

పెట్టె వెలిగించావని చెప్పాలి. వాడు వద్దన్నాడని, నువ్వు మళ్ళీ చెప్పావని, ఏమని ఎగతాళి చేసి తీయించావో ఆ మాటలతోనే చెప్పాలి. ముందు ఏది పైకెత్తావో చెప్పాలి.

ఇంకొకటి ఉంది. నువ్వు అన్నీ వరసగా రాశావు, నిమిషాలతో సహా. అది మాత్రం రాయలేదు. నువ్వు ఆ పారతో మంచు ఎత్తి పెట్టె మీద వేసినంతసేపు నా కొడుకు ఊపిరి తీస్తున్నాడా? నీ రెండు చేతులూ వాడి గొంతు మీద గట్టిగా నొక్కి పట్టుకుని ఉంటే బతికేవాడా? నేను నేల మీద గుడ్డిగా పాకుతూ వాడి కాలు పట్టుకున్నాను, బూటు. అది కదిలింది. నేనే కదిపానో, వాడే కదిపాడో నాకు తెలియదు. రోస్వీటా అడుగుతుంది. నన్ను అడిగితే నేను చెప్పలేను. నువ్వు కళ్ళున్నవాడివి, చూశావు. అవకాశం ఇంత, కాకపోయే అవకాశం ఇంత అని ఆమెతో అన్నావంటే ఆ సభలోంచి నడిచి బయటికి పోవు.

రాకపోతే నేను వస్తాను. అక్టోబరులో నీ మొదటి పాఠం రోజున, నీ కుర్రాళ్ళంతా కూర్చుని ఉండగా. జైలు నాకు కొత్త కాదు. ఇంకా ఒక చెయ్యి బాగానే ఉంది.

వస్తావో రావో రెండు ముక్కల్లో రాయి. సెప్టెంబరు పదిహేను సాయంత్రం టపా దాకా చూస్తాను.

ట్రౌగాట్ మెర్టెన్